ఎదురు తిరిగిన గాలి

ఏసీ గ్యాసు ఒత్తిడి చూపే ఎర్ర మీటరు ముల్లు మూడువందల యాభై దాటగానే మెకానిక్ హన్మా చెయ్యెత్తి ఇంజను ఆపించాడు.

సూర్యాపేట హైవే పక్కన రేకుల షెడ్డు. మే నెల ఎండ. పదకొండు కూడా కాలేదు, రేకులు అప్పుడే చిటపటమంటున్నాయి. బానెట్ ఎత్తిన తెల్ల కాంటెస్సా కారు మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటుది. ముప్పై దగ్గర ఉండాల్సిన నీలం ముల్లు అరవై చూపించింది, రెండువందల పైచిలుకు దగ్గర ఆగాల్సిన ఎర్రది ఆగనే లేదు. ఇంకాసేపు నడిపిస్తే పైపు పగులుతుంది. పదేళ్ల కింద అలా పగిలిన పైపే హన్మా ఎడమచేతి రెండు వేళ్లను కాల్చేసింది. ఆ వేళ్లకు ఇప్పటికీ వేడి తెలియదు, చలువా తెలియదు.

“ఎంతసేపైతది హన్మా?” డ్రైవర్ సోమయ్య మూడోసారి అడిగాడు. “పేషెంటున్నది గద.”

పేషెంటు షెడ్డులో బల్లమీద గోడకు ఆనుకుని కూర్చుంది. పేరు అలివేలు. ఇరవయ్యేళ్లు సేటు మిల్లులో బియ్యం చెరిగింది. ఊపిరితిత్తుల నిండా దుమ్మే ఉందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని పొద్దున వరంగల్ దవాఖానలో చెప్పారట. అద్దాలు దించితే రోడ్డు దుమ్ముకు దగ్గు ఆగదు, ఎత్తితే ఉక్కకు ఊపిరాడదు. అందుకే సేటు ఏసీ కారు పంపాడు. తొర్రూరు దాటాక అది వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. పక్కనే కూతురు సరోజన అట్టముక్కతో విసురుతోంది.

హన్మా అటు చూడకుండానే పనిచేస్తున్నాడు. చూడకపోయినా వినబడుతోంది. ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నటి ఈల.

రెండు ముళ్లూ పైకి పోయాయంటే గ్యాసు ఎక్కువైనట్టే అనుకున్నాడు. కొంచెం కొంచెంగా వదిలాడు. ముళ్లు దిగాయి. ఇంజను స్టార్టు చేయించగానే మళ్లీ లేచాయి. ఇంకొంచెం వదిలాడు. అదే వరస. అరగంట గడిచిపోయింది. చెమట కళ్లల్లోకి కారింది.

“ఏ తండ బిడ్డా నీది?” అలివేలు అడిగింది.

“ఆత్మకూరు కాడ, పెద్దమ్మా.”

“మా మిల్లుల హర్యా అని హమాలీ ఉండె. నా గంపలన్ని ఆయనే ఎత్తుతుండె. ఎరికేనా?”

“హర్యాలు మస్తుమంది ఉంటరు పెద్దమ్మా.”

ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, “పరేషాన్ గాకు. నిమ్మలంగ సూడు” అంది.

అతను మళ్లీ మీటర్ల మీదికి వంగాడు. మిర్యాలగూడ ఐసు ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు మంచుదిమ్మలు మోస్తూ మోస్తూ నేర్చుకున్న పని ఇది. చుట్టుపక్కల ఏసీ కార్లన్నీ అతని చేతిమీదుగానే పోతాయి. బాగుచేసిన కారులో కూర్చుని ఊరు దాటింది మాత్రం ఎన్నడూ లేదు. భార్య జమ్లీ అడిగితే, “మనకెందుకే, అలవాటైతే కష్టం” అనేవాడు.

పాలుపోక కారు ముందుకొచ్చి వంగాడు. ముఖానికి వేడిగాలి కొట్టింది. అలాగే నిలబడిపోయాడు. జాలీ వెనక ఫ్యాను గాలిని లోపలికి లాగాలి గదా, బయటికెందుకు కొడుతోంది? పాత పేపరు ముక్క చింపి జాలీ ముందు పట్టాడు. అతుక్కోవాల్సిన కాగితం ఎగిరి కాళ్ల దగ్గర పడింది.

“ఈ ఫ్యాను ఎవరన్న ముట్టిండ్రా?”

“మోటారు కాలిపోతే మొన్న కోదాడలో కొత్తది ఏపిచ్చిన.”

“వైర్లు తిరగేసి కలిపిండ్రు. ఉల్టా తిరుగుతున్నది. అందుకే గ్యాసు సల్లారక ముళ్లు లేస్తున్నయి.”

రెండు వైర్లు మార్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వదిలిన గ్యాసును మళ్లీ కొలతకు ఎక్కించడానికి మాత్రం పావుగంట పట్టింది. ఆ పావుగంట తన తప్పే. నీలం ముల్లు ముప్పైకి దిగింది. ఎర్రది రెండువందల ఇరవై దగ్గర కుదురుకుంది. కారులో చెయ్యి పెట్టి చూశాడు. కుడిచేతికి చల్లగా తగిలింది.

“పెద్దమ్మా, సల్లగైంది. రా, కూసుందువు” అంటూ షెడ్డులోకి నడిచాడు.

సరోజన అట్టముక్కతో ఇంకా విసురుతూనే ఉంది. అలివేలు తల కూతురి భుజం మీదికి వాలి ఉంది. సన్నటి ఈల లేదు. ఎప్పుడు ఆగిందో ఇంజను చప్పుడులో అతనికి తెలియలేదు.

“సరోజనా,” అన్నాడు, “ఇగ ఆపు బిడ్డా.”

ఆమె విసరడం ఆపి తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో తల్లి నుదుటి చెమట తుడిచింది.

ముగ్గురూ కలిసి అలివేలును వెనక సీట్లో పడుకోబెట్టారు. తల సరోజన ఒళ్లో. సోమయ్య ఏసీ మీట కట్టెయ్యబోయాడు.

“ఉండనియ్యన్నా,” హన్మా అన్నాడు. “ఇంటిదాక నడువనియ్యి.”

“ముందే వైర్లు సూస్తే బాగుండు. అరగంట పోగొట్టిన” అని అద్దం దగ్గర వంగి సరోజనతో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి, అద్దం ఎత్తుకుంది.

పెన్‌పహాడ్ రోడ్డు వైపు కారు మలుపు తిరిగేదాకా చూసి హన్మా లోపలికొచ్చాడు. బల్లమీద అలివేలు కూర్చున్నచోట మూతి ముడి వదులైన చిన్న గుడ్డ తిత్తి ఉంది. అందులో సగం కొరికిన వక్క, తడి గుడ్డలో చుట్టిన ఒక్క తమలపాకు. ఆకు ఇంకా వాడిపోలేదు.