ఏడో నంబరు ఆముదం

ఆ రోజు పొద్దున మబ్బులు లేచాయి. తొమ్మిది గంటలకల్లా పడమటి గాలి వచ్చి వాటిని తూర్పుకు తోసుకుపోయింది. వాన పడక నెల దాటింది.

ఏసోబు పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా కూలి. ఆరేళ్ల కింద, కరువు ఏడాదిలో, ఎండిపోయిందని వదిలేసిన మడిలో ఒక్క ఆముదం మొక్క ఆకు వాల్చకుండా నిలబడటం చూశాడు. దాని గెలకు గుడ్డసంచి కట్టి, గింజ దాచి, కొత్త రకాలు తీసే సుహాసిని మేడంకు ఇచ్చాడు. ఆమె దానికి ఏడో నంబరు వేసింది. ఈ వానాకాలం అతని సొంత మెట్ట చెల్కలోనే మూడు చోట్ల మూడు సాళ్లు పెట్టారు, పక్కన వేరే రకాలు. నీళ్లు పెట్టకూడదు. వాన ఎంత ఇస్తే అంతే. ఇందులో నిలిస్తే వచ్చే ఏడాది వేరే జిల్లాల్లో పరీక్షకు పోతుంది. లేకుంటే ఏడో నంబరు ఇక్కడితో సరి.

మేడం వచ్చి చూసింది. పక్క రకాల గెలలు బెత్తెడు కూడా సాగలేదు. ఏడో నంబరుది మూరెడు.

"ఏసోబన్నా, నీ చెట్టు గెలిచినట్టే. రేపే పేరు పంపిస్తా."

ఏసోబు వంగి చూశాడు. ఏడో నంబరు మొక్కల మొదట్లో తుంగ మొలిచి ఉంది, రెండేసి ఆకులు; తడి తగిలితే తప్ప లేవని గడ్డి అది. మిగతా చేనంతా తిరిగాడు. పచ్చని పోచ లేదు. ఏడో నంబరు తక్కిన రెండు సాళ్లలోనూ తుంగే.

అతని భార్య జానమ్మ సద్దిగంప దించింది.

"ఎన్ని దినాల సంది పోస్తున్నవే?" అని అడిగాడు ఏసోబు.

"ఏం పోస్తున్న?"

"నీళ్లు."

జానమ్మ మేడం వైపు చూసింది. "సాలుకు రెండు బిందెలు. బోరు కాడికి బట్టలుతుక పోయినప్పుడల్ల. సాకిన చెట్టు ఎండుతుంటె చూస్తరా? నీదంటె రాతి గుండె," అంది మొగనితో.

"ఇది పరీక్షనే."

"పరీక్షలు మనుషులకు పెట్టుకోండ్రి. చెట్టేం చేసింది? మేడమ్మా, నువ్వన్న చెప్పు."

మేడం నవ్వబోయి ఆగింది. చేతిలో పుస్తకం తెరిచి అంది: "కొన్ని బిందెలే కదా అన్నా. సత్తా లేకపోతే ఆ నీళ్లకు ఇంత గెల రాదు. ఈ ఏడాది దాటితే దీని పేరు మళ్లీ తీసుకోరు."

"సత్తా ఉండొచ్చు. మనకెట్ల ఎరుక?" అన్నాడు ఏసోబు. "రేపు కేతేపల్లిల గీ ఇత్తనం ఏసుకునేటోనికి జానమ్మ పోయి బిందెతోని పోస్తదా?"

"అయితె నేనే చంపిన్నా?" అంది జానమ్మ.

మేడం పుస్తకంలో మూడు సాళ్ల మీద అడ్డగీత పెట్టింది. ఏసోబు నంబరు కర్రలు మూడూ పీకి పక్కన పెట్టాడు.

ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. జానమ్మ జొన్నరొట్టెలు విప్పింది. ఒకటి మేడం చేతిలో, ఒకటి మొగని చేతిలో పెట్టి, గోంగూర తొక్కు నడుమ ఉంచింది. ఆమె తినకుండా కూర్చుంటే ఏసోబు తన రొట్టె సగం విరిచి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె తీసుకుంది. ముగ్గురూ తిన్నారు.