బోర్లా వేసిన పలకలు

మార్కాపురం పలకల గనిలో నీళ్లు తోడించేసరికి ఎండలు ముదిరాయి. గురువుకూ శిష్యురాలికీ మధ్య నాలుగేళ్లుగా నలుగుతున్న తగవు ఆ రోజు తేలిపోవాలి.

తగవల్లా కోట్ల ఏళ్ల నాటి సముద్రం గురించి. ఒకప్పుడు ఈ నేలంతా సముద్రం అడుగే. ఆ బురదే గట్టిపడి పలకరాయి అయింది. సముద్రం ముందుకొచ్చిందని గురుస్వామి గారు, కాదు వెనక్కి పోయిందని సరళ. రాతిలో కింద ఇసుక, పైన సన్న బురద ఉంటే ముందుకొచ్చినట్టు, తారుమారైతే వెనక్కి పోయినట్టు. గురుస్వామి గారు గిద్దలూరు వైపు నుంచి తెచ్చుకున్న పలకల్లో ఇసుక కింద ఉంది. సరళ ఇక్కడ తీసుకున్నవాటిలో పైన ఉంది. ఆ సంగతి వ్యాసంగా రాసి సరళ ఊరుకుందా? నిండు సభలో, "సార్ కోస్తా మనిషి. నేను ఈ రాళ్ల మీద గొర్రెలు కాసినదాన్ని," అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం గదా. కడుపులో పెట్టుకుని చదివించిన మనిషి మళ్లీ ఆమెకు ఫోన్ చెయ్యలేదు.

ఇప్పుడాయన గని అంచున గొడుగేసుకుని నిలబడ్డారు. మోకాళ్లు అరిగాయి, దిగలేరు.

"నువ్వే చూసి చెప్పమ్మా," అన్నారు.

సరళ నిచ్చెన దిగి, తడి గోడ మీది బురద చేత్తో తుడిచింది. ఇసుక కింద ఉంది. ఇంకోచోట తుడిచింది. అక్కడా కిందే.

తలెత్తి చూస్తే, పైన గని మేస్త్రీ మాల్యాద్రి మనుషులు పలకలు కుప్ప వేస్తున్నారు, ఒక్కొక్కటీ బోర్లా తిప్పి. గొర్రెలు తొక్కితే పలక నున్నటి మొహం గీసుకుపోతుందని ఆ జాగ్రత్త. ఆ గొర్రెలు ఎవరివనుకున్నారు? సరళ నాయన ఎర్రయ్యవే! మందను కుప్పలెక్కించి చిన్నప్పుడు తిట్లు తిన్నదీ ఈ పిల్లే. వ్యాసం కోసం వచ్చిననాడు గని నిండా నీళ్లుంటే కుప్పలోంచి పలకలు తీసుకుంది, పైది పైదే అనుకుంది.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వచ్చే నెల కాలేజీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ, ఆ వ్యాసమే దిక్కు. ఇసుక పైనే ఉందంటే సరిపోతుంది. వానలొస్తే గని మళ్లీ నిండుతుంది. ఆయన నమ్ముతారు కూడా. నమ్ముతారని తెలిసే ఆమెకు అబద్ధానికి నోరు రాలేదు.

"సార్!" అని చివరికి కేకేసింది. "ఇసుక కిందుంది. నేను కుప్పలో పలకలు తీసుకున్నా. వీళ్లు బోర్లా వేస్తారని మర్చిపోయినా. తప్పు నాదే, మీరే గెలిచినారు."

పైనుంచి మాల్యాద్రి వంగి అరిచాడు. "అక్కా, సారు కూలబడినాడు!"

సరళ పడుతూ లేస్తూ పైకెక్కింది. గురుస్వామి గారు రాళ్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు.

"గిద్దలూరులో నేనూ కుప్పలోంచే తీశానమ్మా," అన్నారు. "అక్కడా ఇట్లాగే వేస్తారా?"

"యాడైనా ఇంతే సార్," అన్నాడు మాల్యాద్రి. "గొర్రెలు లేని ఊరేడుంది?"

అంటే ఆయన రాళ్లలో ఇసుక నిజానికి పైన ఉన్నట్టే. గెలిచిన మనిషి ఆ మాట మింగేసి ఊరుకోవచ్చు. అడిగేవాళ్లు ఎవరున్నారు? సరళ ఆయన పక్కన కూలబడి, "ఆ రోజు సభలో అట్ల అనకుండా ఉండాల్సింది సార్," అంది.

"రేపు గిద్దలూరు పోదాం," అన్నారాయన, లేవడానికి ఆమె భుజం పట్టుకుంటూ. "అక్కడా నువ్వే దిగాలి. ఏది కనబడితే అది చెప్పు. నువ్వు రాసినదాని కింద నేను చూడకుండానే సంతకం పెడతాను."