గవరయ్య కేక

ఫాల్గుణమాసపు కడపటి దినములవి. మోదుగుపూవుల యెఱుపు కొండచఱియలయందు నిప్పంటుకొన్నట్లు ప్రజ్వరిల్లుచుండగా జీడితోటల పూతవాసనను మోసికొని యుదయమారుతము పల్లమునకు దిగివచ్చుచుండగా రెల్లిగెడ్డ యను కొండవాగు వేసవిభయమున చిక్కి సన్నని వెండితీగవలె ఱాళ్లనడుమ పాఱుచుండెను. ఆ వాగుగట్టున నాటి ప్రొద్దున పందిరి వేసిరి. పందిరిక్రింద కుర్చీలు వేసిరి. కుర్చీల ముందర రెండున్నరయడుగుల యెడముతో పఱచిన యినుపపట్టాల జంట తూర్పునుండి వచ్చివచ్చి చివర నొక్క పట్టా కొఱతపడి పన్నూడిన ముసలివాని నోటిచందమున నిలిచియుండెను.

ఆ కొఱతపడినచోట గోచి బిగించి తలపాగ చుట్టి వట్టికాళ్లతో నిలుచున్నవాడు బొంతు దాలయ్య. ఏబదిరెండేండ్లవాడు. అయిదవతరగతితో చదువు చాలించి తండ్రివెంట పట్టాలబాట పట్టినవాడు. ఆ బాట మూతపడిన పిమ్మట మిల్లులలో బస్తాలు మోసి నడుము వంగి లోకముమీద కసి పెంచుకొన్నవాడు. ఎవరైన నవ్వుచు పలుకరించినచో వీనికి నాతో నేమి పని పడినదోయని ముందుగా మొగము చిట్లించుట వానికి స్వభావమైపోయెను.

గుమ్మలవలసనుండి యీ వాగుదాక చిన్నబండి నడపవలెనని పూర్వమొక జమీందారు సంకల్పించెను. అడవికలపయు బెల్లపుదిమ్మలును దానిమీద తరలుచుండెడివి. కాని పట్టాలు వాగునకు మైలున్నర యీవలనే నిలిచిపోయెను. ముప్పదేండ్ల క్రిందట బండి మాన్పించినప్పుడు ఆ పట్టాలను పెకలించి తుక్కునకు పంపుమని గవరయ్య మేస్త్రీకి తాఖీదు వచ్చెను. దాలయ్య తండ్రి యాతడే. ఏ గొంతుతో కేకవేసి బ్రదుకంతయు పట్టాలు సరిదిద్దించెనో ఆ గొంతుతోనే కేకవేసి వానిని పెకలింపించెను. పని సగమై నిలిచెను. ఆ యేడే గవరయ్యయు కన్నుమూసెను. పాతపుస్తకములందు మూడవ గ్యాంగు, మేస్త్రీ యొకడు, కూలీలు పదునలుగురు అని కలదు. గవరయ్య యను పేరు ఏ కాగితమునందును లేదు.

అయిదేండ్ల క్రిందట పట్టణమునుండి కొందఱు పెద్దమనుష్యులు వచ్చి చిన్నబండి పునరుద్ధరణసంఘ మను పేర నొక కూటమి స్థాపించిరి. ఉద్యోగములు చాలించిన యింజనీర్లును వైద్యులును ఉపాధ్యాయులును ఆదివారములందు జీతబత్తెము లడుగక తమంతట తామై వచ్చి తుప్పలు కొట్టిరి. పట్టాలక్రింది కుళ్లిన దుంగలు మార్చిరి. కొట్టములో తుప్పుపట్టి పడియున్న యింజనునకు మూడేండ్లు చాకిరిచేసి ప్రాణము పోసిరి. ఇది నిజము. దాలయ్యయు దీనిని కాదనడు. ఆ యింజను తొలిసారి పొగ విడిచిననాడు ఊరివారితో చూడవచ్చిన వాడు కొట్టము వెనుకకు పోయి తలపాగచెఱగుతో కన్నులు తుడుచుకొనెను. పాతబాట బాగైన పిదప జమీందారు విడిచిన మైలున్నరయు పఱచి బండిని వాగుదాక తీసికొనిపోవలెనని వారు పూనుకొనిరి.

కాని యన్ని విద్యలు నేర్చిన యా పెద్దమనుష్యులకు ఎనమండుగురు కలసి యొక పట్టాను ఎత్తుట చేతకాకుండెను. ఒకడు ముందెత్తును. ఒకడు వెనుక ఎత్తును. పట్టా యొరిగి పటకారులనుండి జాఱిపోవును. అప్పుడు వెదకి వెదకి పాతగ్యాంగులో మిగిలిన యిద్దఱిని పిలిపించిరి. ఒకడు దాలయ్య. రెండవవాడు వాని చిన్ననాటి జతగాడు అసిరయ్య.

దాలయ్య వచ్చిన తొలిదినముననే తండ్రికేక యెత్తుకొనెను.

"దొరగారి బొజ్జ—"

"గుద్దు!" అని యసిరయ్య యందుకొనెను.

కేక యింతియే. దొరగారి బొజ్జ తరువాత దివానుగారి నడ్డి వచ్చును. అటుపిమ్మట గుమాస్తాగారి బుఱ్ఱ వచ్చును. అన్నింటికిని బదులొక్కటే. గుకారము పలుకగనే రొమ్ము నిండును. దకారద్విత్వముచెంత ఊపిరి గుటుక్కున నాగును. ఆగినచోట ఎనిమిదినడుములు ఒక్కనడుమై పట్టా పూలదండవలె లేచును. రెండు నెలలలో పట్టణపుపెద్దలందఱును గుద్దుట నేర్చిరి. సంఘాధ్యక్షుడును పూర్వాశ్రమమున కళాశాలయందు తెలుగుపండితుడును అగు భాగవతుల సోమశేఖరముగారు పరమానందభరితులై ఆ కేకను శ్రామికగేయ మను శీర్షికతో తమ పుస్తకమున వ్రాసికొనిరి. అంతటితో నాగక వాగుగట్టున బండి యాగుటకై కట్టబోవు క్రొత్త మజిలీకి గవరయ్య పేరు పెట్టించెదనని సభలో మాట యిచ్చిరి. నీలిరంగు పలకమీద తెల్లని యక్షరములతో గవరయ్య మజిలీ అని వ్రాయించిరి కూడ. దాలయ్య కొట్టములోనికి పోయినప్పుడెల్ల ఆ పలకమీది గోనెపట్టాను తొలగించి ఒక్కొక్క యక్షరమును వ్రేలితో తడవి మరల కప్పి వచ్చుచుండెను. తండ్రి పేరు ఎక్కడనైన వ్రాసియుండగా వాడు చూచుట అదియే మొదలు.

కడపటి పట్టా వేయు నుత్సవమునకు జమీందారు మనుమనిని పిలువ నిశ్చయించుటతో చిక్కు వచ్చెను. ఆయన తమ తోటలో కోళ్లగూడుగా నున్న చిన్నబండి పాతపెట్టెను సంఘమునకు దానము చేసిన పుణ్యాత్ముడు. ఉత్సవమునకు వారము ముందు సోమశేఖరముగారు దాలయ్యను చేరబిలిచిరి.

"దాలయ్యా, మనుమని యెదుట తాతగారి బొజ్జను గ్రుద్దుట మర్యాద కాదుగదా."

"ఆ దొరగారు సచ్చి యాభయ్యేళ్లయిపోనాది బాబూ. బొజ్జిప్పుడు నేదు. మాటొకటే ఉంది."

పండితులవారు నవ్వి, తాము రచించిన క్రొత్తకేకను చదివి వినిపించిరి. రాజవరుల కరుణ అని మేస్త్రీ యనవలెను. జయము అని తక్కినవా రనవలెను. దాలయ్య దానిని పెదవులలో రెండుమూడుసారులు త్రిప్పి చూచుకొనెను.

"గుద్దంతే ఊపిరి పట్టుకుంటాది బాబూ. జయమంతే కారిపోతాది. ఎక్కడెత్తాలో కాయానికి తెలవదు."

"మూడు లఘువులు. చక్కని నగణము. దానికేమి లోటు?"

దాలయ్య చదివిన అయిదవతరగతిలో గణములు చెప్పరు. అంతట సోమశేఖరముగారు కంఠము తగ్గించి ఆనాడే పేరుపలకను కూడ ఆవిష్కరింపవలసియున్నదనియు గొప్పవారి మనసు నొచ్చినచో ఆ పేరు విషయమున ఎవ్వరేమందురో తాము చెప్పజాలమనియు మెల్లగ సెలవిచ్చిరి. దాలయ్యకు నీలిపలక కన్నులయెదుట మెదలెను. వాడు తల వంచి, సరే బాబూ, అనెను.

ఆ సాయంకాలమే సంగతి విని యసిరయ్య వానిని నిలదీసెను.

"మీ నాయిన పేరు కోసరం మీ నాయిన మాట ఇచ్చీసినావేట్రా?"

దాలయ్య తలపాగ సవరించుకొని కొట్టమువైపు నడచెను.

ఉత్సవదినము వచ్చెను. పూర్వపుగ్యాంగు ఎట్లుండెడిదో యతిథులకు కన్నులగట్టవలెనని ఆ యిద్దఱిచేతను సంఘమువారు గోచులు కట్టించి కాలిబూట్లు విప్పించిరి. తక్కిన యేడుగురు పెద్దమనుష్యులు బూట్లతోనే నిలిచిరి. వారు పాతగ్యాంగువారు కారుగదా. దొరగారి మనుమడు నడిమికుర్చీలో నాసీనుడయ్యెను. తాతగారి బొజ్జ వంశమున చెక్కుచెదరక నిలిచియున్నదని చూచినవారికి తెలియుచుండెను. ముప్పదియడుగుల పట్టాకు నాలుగు పటకారులు తగిలించి పటకారునకు ఇద్దఱు చొప్పున వంగిరి. చివరిపటకారున అసిరయ్య యుండెను. దాలయ్య ప్రక్కన నిలిచి గొంతు సవరించుకొనెను.

"రాజవరుల కరుణ—"

"జయము."

ముందరివారు జకారముమీద ఎత్తిరి. నడిమివారు మువర్ణముమీద ఎత్తిరి. అసిరయ్య యెత్తనేలేదు. చిన్ననాటినుండి దకారద్విత్వమునకు మాత్రమే లేచిన ఆ నడుము ఆ దెబ్బకొఱకు కాచుకొని కాచుకొని వంగినది వంగినట్లే యుండెను. పట్టా తల పైకి లేచి తోక యొరిగి పటకారు జాఱి అసిరయ్య కుడిపాదముమీద నడ్డముగ పడెను. అసిరయ్య కేకవేయలేదు. కంకరమీద కూలబడి పండ్లు బిగించెను.

పందిరి లేచి నిలుచున్నది. పెద్దమనుష్యులు పట్టాచుట్టు మూగి తలకొక ప్రక్క లాగజొచ్చిరి. లాగినకొలది పట్టా కదలి పాదమును మఱింత నలుపుచుండెను. సోమశేఖరముగారు చేతులెత్తి జయము జయమని లెక్కగొట్టుచుండిరి. ఎవరి జయము వారిదై పోవుచుండెను. దాలయ్యకు ఆ క్షణమున పందిరి కనబడలేదు. కుర్చీలు కనబడలేదు. గోనెపట్టా కప్పుకొని గట్టున నిలిచియున్న నీలిపలక మాత్రము కనబడెను. వాడు దానివంక ఒక్కసారి చూచి వీపు త్రిప్పుకొని జతగాని పటకారు తాను పట్టుకొని తండ్రిగొంతుతో నఱచెను.

"దొరగారి బొజ్జ—"

"గుద్దు!"

డాక్టరు గుద్దెను. ఇంజనీర్లు గుద్దిరి. సోమశేఖరముగారు సయితము నోరుజాఱి గుద్దిరి. పట్టా పూలదండవలె లేచెను. అసిరయ్య పాదము లాగికొనెను. దాలయ్య యాగలేదు. దివానుగారి నడ్డియనెను. పట్టా దుంగలపైకి వచ్చెను. గుమాస్తాగారి బుఱ్ఱయనెను. పట్టా తనచోట కూర్చుండెను. దొరగారి మనుమడు తన బొజ్జమీద చేయి వేసికొని చూచుచుండెను.

సంఘములోని డాక్టరుగారు వైద్యము తామే చేసిరి. అయినను అసిరయ్యకు రెండు వ్రేళ్లు పోయెను. నాడు పలకమీది గోనెపట్టా తీయలేదు. పదునైదుదినముల తరువాత సమావేశపుస్తకమున సోమశేఖరముగారి ముత్యములవంటి యక్షరములతో, మేస్త్రీ యక్షరజ్ఞానము చాలనివాడగుటచే నూతనగేయమును కంఠస్థము చేయజాలక తడబడుటయు తదనంతరము సభాసదులయెదుట నసభ్యముగ వ్యవహరించుటయు సంభవించెనని వ్రాయబడెను. ఆ మాట ఎవరో దాలయ్యకు చదివి వినిపించిరి. తడబడితినను మాటకు వానికి కోపము రాలేదు. ఆ క్రొత్తకేకను తాను ఒక్క యక్షరమైన తప్పకుండ పలికితినని వానికి తెలియును. అదియే వానిని కోయుచుండెను.

మజిలీలో నీలిపలక నిలిచెను. దానిమీద గవరయ్య యను నక్షరములు చెఱిపి శ్రీ రాజావారి విరామస్థానమని వ్రాసిరి. రంగు పలుచగ పూయుటచేత ఎండవేళ ప్రక్కనుండి చూచినచో క్రింది గకారము లీలగ నగపడును. మరుసటి వానకారు ముగిసి రంగు మరల వేయగా అదియు మాసిపోయెను. దాలయ్యను పనికి రమ్మని రెండుసారులు కబురు వచ్చెను. వాడు పోలేదు.

ఇప్పుడు ఆదివారములందు చిన్నబండి వాగుదాక నడచుచున్నది. పట్టణపువారు పిల్లలతో నెక్కి కిటికీలనుండి చేతులూపుచుందురు. అసిరయ్య యిల్లు బాటప్రక్కనే. వాడు అరుగుమీద కుంటికాలు చాచుకొని కూర్చుండును. దాలయ్య వచ్చి ప్రక్కన కూర్చుండి పాదమువంక చూడకుండ చుట్ట కాల్చుకొనుచుండును. బండి పట్టా యతుకుమీది కెక్కును. చక్రము దిగినప్పుడు దెబ్బ పడును. ముప్పదియడుగుల కొకసారి పడును. చెవియొగ్గి వినువారికి అందులో దకారద్విత్వము స్పష్టముగ వినబడును.

"ఇన్నావేట్రా దాలిగా," అని యసిరయ్య నవ్వును. "తెలుగు మేష్టరు బండికి పజ్జెం నేర్పడం మర్సిపోనారు."

దాలయ్య నవ్వడు. బండిలోనివారికి అది చక్రములచప్పుడు. అరుగుమీది కుంటివానికి అది వేడుక. గవరయ్య పేరు ఏ పలకమీదను లేదు గాని మాట మైలున్నర పొడవున ఇనుములో దిగియున్నది. ఒక వారముదినములు ఆ మాటను పరులకిచ్చి బ్రదికినవాడు తుదిపట్టాదాక దెబ్బదెబ్బకును దానిని వినుచు ఆరిపోయిన చుట్టను వ్రేళ్లనడుమ పట్టుకొని కూర్చుండును.