పేరు లేని చీటీ

బీరకాయ తొక్కు తీస్తుంటే మా ఆయన వేణుగోపాల్ చీటీల కవరు తెచ్చి గట్టు మీద పడేశారు. దాంతోపాటు ఐదు ల్యాబ్ రికార్డులు. చీటీలు ప్రతి శుక్రవారం వచ్చేవే. రికార్డులు ఎప్పుడూ రాలేదు.

ఖరగ్‌పూర్‌లో ఆయన పాఠం చెప్పే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. వారం చివర ప్రతి విద్యార్థీ తనకు అర్థంకానిదేదో పేరు లేకుండా చీటీ మీద రాసివ్వాలి. మేష్టారు చదివి, సోమవారం మళ్లీ చెప్పాలి. ఆ అరవై చీటీలూ చదివేది నేను. ఎక్కడ తడబడ్డారో, ఏ ఉదాహరణతో చెబితే బుర్రకెక్కుతుందో రాసిచ్చేది నేను. మూడేళ్లుగా నా ఎమ్మెస్సీ ఫిజిక్స్ వంటింట్లో అలా పనికొస్తోంది. మొన్న ఆయనకు ఉత్తమ అధ్యాపకుడని శాలువా కప్పారు. "మావాడి పక్కన కూర్చుని నీకూ నాలుగు ముక్కలు వంటబట్టాయి" అన్నారు అత్తగారు.

"ఇది ఎవరి రాతో ఆ రికార్డుల్లో చూసి చెప్పు. నాకన్నీ ఒకేలా ఉన్నాయి," అంటూ ఆయన ఇంగ్లీషులో రాసిన ఒక చీటీ విడిగా ఇచ్చారు.

'డౌట్ అడిగితే సార్ నవ్వుతారు. క్లాసంతా నవ్వుతుంది. అందుకే అడగడం మానేశాను.'

"ఏటికండీ ఇప్పుడు?"

"ఏటికి అంట. ఎన్నేళ్లయినా నువ్వు పుట్టిపెరిగిన ఈ ఊరి ట్రాఫిక్ రైల్వే కాలనీ భాష పోదు. ఆ పిల్లకి సాయం చేద్దామని."

పిల్ల అని ఆయనెలా తేల్చారు? రికార్డులు ఐదూ ఆడపిల్లలవే. అంటే ఎవరెవరిని చూసి నవ్వారో ఆయనకు గుర్తుందన్నమాట. ఇంటర్నల్ మార్కులు రేపు పొద్దున్న పంపాలని ఇందాక ఫోన్‌లో ఎవరితోనో అన్నారు. సాయానికి అంత తొందరెందుకు?

ఆయన స్నానానికి వెళ్లగానే రికార్డులు తెరిచాను. మూడోదాంట్లో దొరికింది. శ్రావణి. ప్రేమ్ బజార్‌లో గది తీసుకున్న అనకాపల్లి అమ్మాయి. ఒకసారి డౌట్ అడగడానికి మా ఇంటికొచ్చి, గుమ్మంలోంచే "సార్ లేరా అక్కా? అమ్మయ్య. అయితే మీరే సెప్పండి" అంది. ఆఖరి పేజీలో పెన్సిల్‌తో పద్దెనిమిది మార్కులు, పక్కన ప్రశ్నార్థకం. మిగతా నాలుగింట్లోనూ మార్కుల పక్కన అదే ప్రశ్నార్థకం. నేను ఎవరి పేరు చెబితే వాళ్ల మార్కులు చెరిగిపోతాయి.

పెళ్లయిన కొత్తలో, స్నేహితుల ముందు ఆయన చెబుతున్న లెక్కలో ఏదో తేడా ఉందేమోనని అడిగాను. నవ్వారు. అందరూ నవ్వారు. లెక్క నిజంగానే తప్పు. అయినా నేను మళ్లీ ఏదీ అడగలేదు.

చీటీని నీళ్లలో ముంచి, సిరా పోయేదాకా పిండాను. కొత్త కాగితం మీద ఆ మూడు వాక్యాలే రాశాను.

"తెలిసిందా?" తల తుడుచుకుంటూ వచ్చారు.

"తెలిసినాది."

చదివి నాకేసి చూశారు. "ఇది నీ రాత. అసలుదేదీ?"

"ఇదే అసలుది. పెళ్లయిన ఏడాదే రాయాల్సింది. ఇప్పుడు రాసినాను."

"మహతీ, ఆ పిల్ల పేరు చెప్పు."

కవరు ఆయన వైపు జరిపాను.

"మిగిలిన యాభై తొమ్మిదీ మీరే చదవండి. అర్థం కాకపోతే అడగండి."