అరిగిన తాడు గురించి ఒక్క వాక్యం

లిఫ్టులు తనిఖీ చేసొచ్చిన ఇంజనీరు తెలుగులో చెబుతుంటే, ఇంగ్లీషులో రిపోర్టు కొట్టడం టైపిస్టమ్మ పని. ఎక్కడైనా దర్జాగా వినిపించే మాట కనబడితే మనసులో దాచుకుని, సందు దొరికినచోటల్లా వాడేది. అలా పట్టుకున్నదే ‘నన్ ద వర్స్ ఫర్ వేర్’. వర్స్ ఉంది, వేర్ ఉంది. అరిగి పాడైందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలనుకుంది.

సోమవారం ఇంజనీరు ఒక కుట్టు కంపెనీ లిఫ్టు చూసొచ్చాడు. తాడు చూపులకే తెలిసిపోతోంది, బాగా అరిగిందని రాయమన్నాడు. ఆమె తన ముద్దుల మాటే రాసింది. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం ఆ కంపెనీ మేనేజరు ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. మూడు రోజులుగా ఆపిన లిఫ్టును, రిపోర్టు చూశాక పొద్దున్నుంచి నడుపుతున్నారట.

ఫోన్ పెట్టేసి ఆమె కాపీ పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“ముందు ఈ ‘నన్’ ఎందుకు పెట్టావమ్మా? అది లేకపోతే అరిగిందని అర్థం. ఉంటే, ఎంత వాడినా చెక్కుచెదరలేదని.”

ఆ కంపెనీ ఐదో అంతస్తులో కుట్టేది ఆమె సొంత అక్క. మేనేజరు ఫోన్ ఎంగేజ్. అక్క ఎత్తలేదు. మిషన్ల రొదలో వినబడదు.

ఇంజనీరు కారులో ఇద్దరూ వెళ్లేసరికి షిఫ్టు వదిలారు. లిఫ్టు దిగుతోంది. పైనుంచి ఇనుమును గోళ్లతో గీరుతున్నట్టు చప్పుడు. ఆమె తలుపుకు ఎదురుగా నిలబడింది. తలుపు తెరుచుకుని ఎనిమిది మంది దిగారు. అందరికన్నా చివర అక్క.

“నువ్వేంటే ఇక్కడ?”

ఆమె అక్కను చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. ఇంజనీరు స్విచ్చి ఆపేసి, మెట్లెక్కి పైకి వెళ్లాడు. తాడు పోగుల్లో సగానికి పైగా తెగి ఉన్నాయని వచ్చి చెప్పాడు.

అక్కను ఇంటికి పంపి ఆఫీసుకు తిరిగొచ్చాక, ఎవరూ అడక్కముందే ఆమె పాత కాపీల ఫైలు దించింది. అదే మాట ఇంకో పదకొండు రిపోర్టుల్లో ఉంది. ఇద్దరూ చెరో ఫోన్ తీసుకున్నారు. పదిచోట్ల లిఫ్టులు ఆపించారు.

పదకొండోది తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంటు. వాచ్‌మన్ ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. ఇంజనీరు మళ్లీ కారు తాళాలు తీసుకున్నాడు.