ఈలమ్మ వెంట

ఆ వారమంతా ఆవిడకి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వరండాలోకి వెళ్ళేది, వరండాలో ఏదో తోచక మళ్ళీ పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. ఈలోగా పాలు పొంగనే పొంగేవి. ఈలమ్మని ఎవరో పరాయి దేశం వాళ్ళు కొనుక్కున్నారు. దాంతోపాటు ఆవిడ మొగుణ్ణి కూడా రమ్మని అడిగారు. ఆయన సరేనన్నాడు, ఇంట్లో మాట మాత్రంగానైనా చెప్పకుండా.

ఈలమ్మ విమానం. జెట్టు ఇంజనే, కానీ ముందు పంకా తిప్పుతుంది. ఇంజను వేస్తే పంకా హోరుకన్నా ముందు సన్నటి ఈల లేచేది, అందుకే ఆ పేరు. కొత్తగా వచ్చిన రోజుల్లో దాని వైభోగం ఇంతా అంతా కాదట. విమానాల కుర్చీలు చూసే షెడ్డులో కుట్టుపని చేసిన ఆవిడ అత్తగారు, ఆ కిటికీలకి పట్టు తెరలు తన చేత్తోనే కుట్టానని పోయేదాకా చెప్పుకుంది. తర్వాత పెద్ద జెట్లు దిగాయి. ఈలమ్మని చిన్న ఊళ్ళకి తిప్పారు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కుర్చీలు ఇరికించారు. ఆపైన కుర్చీలు పీకేసి తపాలా సంచులు, పువ్వులు, కోడిపిల్లలు. మళ్ళీ కుర్చీలు. అత్తగారి తర్వాత ఆవిడా అదే షెడ్డులో చేరింది. కుర్చీలు బిగించడం, ఊడదీయడంతోనే సగం జీవితం గడిచిపోయింది. ఈలమ్మ తోడబుట్టిన విమానాలన్నీ తుక్కు కిందికి పోతుంటే, వాటి భాగాలే తగిలించుకుని ఇదొక్కటీ మిగిలింది.

ఆయన ఇంజను మెకానిక్కు. డాక్టరు నాడి పట్టినట్టు దాని ఈల పట్టేవాడు. మూత తెరవకుండానే ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. కొన్నవాళ్ళు ఆయన్ని అడిగింది కూడా ఆ చెవి కోసమే.

"మా ఆయన నా మాట వినడు గానీ, నా సవతి మాట ఇట్టే వింటాడు" అని ఆవిడ షెడ్డులో నవ్వించేది. ఈ మధ్య అయితే మరీను, నాలుగుసార్లు పిలిచినా పలకడు. ఏ ఇంట్లో మొగుడు వింటాడు గనక, అనుకుని ఊరుకునేది.

ఆ రోజు టీ వేళకి ఇద్దరూ షెడ్డు వెనక బల్ల దగ్గర నిలబడ్డారు. గోడ అవతల మేస్త్రి ఈలమ్మ ఇంజను వేశాడు. ఈల గోడ దాటి వచ్చి చెవుల్లో సూదిలా దిగింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ అటు తిరిగారు. ఆయన మాత్రం తాపీగా గ్లాసులో చక్కెర కలుపుతూ, "ఈ మేస్త్రి ఇంజను ఎప్పుడు వేస్తాడో ఏమో" అన్నాడు.

పంకా హోరు మొదలయ్యాకే తలెత్తాడు.

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. వంటింట్లో కుక్కరు కూతలు, వీధి గంట, సన్నటి గొంతుతో "తాతా" అని పిలిచే మనవరాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వినడు అని ఇన్నాళ్ళూ తను లోకువగా అన్న మాటకి అసలు అర్థం వేరే. మొండితనం అనుకున్నది చెవుడు.

కొన్నవాళ్ళు తమ కుర్చీలు వేసుకుంటారట. ఆ సాయంత్రం ఆవిడ విమానంలో పాత కుర్చీల్లో చివరివాటి మరలు విప్పుతున్నప్పుడు ఆయన పైకి వచ్చాడు. ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఈల మీకు వినపడట్లేదు కదూ?"

ఆయన ఆవిడ పెదాలవంకే చూశాడు. దాచినా లాభం లేదని తెలిసిపోయింది కాబోలు, కుర్చీ చేతి మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచండీ?"

"పోయిన వానాకాలం నుంచి. మేస్త్రి ముందు నెట్టుకొస్తున్నా. ఇక్కడైతే ఇవాళ కాకపోతే రేపు పట్టేస్తారే. అక్కడైతే నాకు భాషే రాదు. పలక్కపోతే అర్థం కాలేదనుకుంటారు, చెవుడని ఎవడనుకుంటాడు?"

ఎంత ఆలోచించాడో! ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మనుషులు అలాగే అనుకుంటారు, సరే. ఇంజనేం అనుకుంటుంది? అది అక్కడ అరిగిపోతున్నానని ఈలేస్తుంటే మీరు టీ తాగుతూ కూర్చుంటారా? పైన జనం ఉంటారు కదండీ!"

"నువ్వు మాత్రం చెప్పకు."

"నేను చెప్పను. నా నోటితో మీ పరువు తీయను. మీరే చెప్పుకోండి."

మాట పూర్తి కాకుండానే మేస్త్రి మెట్లెక్కి తలుపు దగ్గరికి వచ్చాడు. "అన్నా, కొన్నవాళ్ళ ఇంజనీరు అడుగుతున్నాడు. ఎల్లుండి నీకూ ఓ సీటు ఉంచాలా?"

ఆయన ఆవిడవైపు చూశాడు. ఆవిడ మరల మీదకి వంగి, చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుతూనే ఉంది. ఏ మరకీ తగలకుండా తిప్పుతోంది.

"వద్దని చెప్పు" అన్నాడు ఆయన. "నాకు ఈల వినపడట్లేదు."

"ఏంటన్నా, జోకులా?"

"జోకైతే నేనే ముందు నవ్వేవాణ్ణిరా."

మేస్త్రి మెట్లు దిగిపోయాడు. ఆయన వెళ్ళకూడదని ఆవిడ వారమంతా కోరుకున్నది జరిగింది. అయినా ఆవిడ గుండె కుదుటపడలేదు. రేపు ఈ మనిషి ఇంట్లో ఏ మూల కూర్చుంటాడు?

"రేపట్నుంచి ఏం చెయ్యాలే నేను?" అన్నాడు ఆయనే.

"ముందు ఇటు పట్టుకోండి."

ఊడిన కుర్చీ చెరో వైపు పట్టుకున్నారు. ఆయన వెనక్కి నడుస్తున్నాడు. విమానం వాకిలి దగ్గర ఆవిడ ఆగి, ఆయన తన నోటివైపు చూసేదాకా ఉండి, "మెట్టు" అంది.