తాళాల చప్పుడు

ఎలుకల గూళ్ళ కింద పాత కాగితాలు తీసి కొత్తవి పరుస్తూ తాత మళ్ళీ నడుం తడుముకున్నాడు. తాళాలగుత్తి లేదు. పొద్దున్నే గుమాస్తా తీసేసుకున్నాడు.

"ఇవాళ్టితో నీ కొలువు సరి. ఇప్పుడే ఇచ్చెయ్యి, సాయంత్రం హడావిడి ఉండదు."

ముప్పై ఏళ్ళ బరువు దిగితే నడుం తేలికపడాలి. కాలు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

కాలేజీలో మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలకు ఆయన అటెండరు. అందరికీ తాళాల తాత. గుమ్మంలో నిలబడి మేడమ్ పాఠాలు వినీ వినీ కొన్ని ఒంటబట్టాయి. మనిషంటే అలవాట్ల మూటని ఒక వర్గం. కాదు, అడుగున అణిగిన కోరికలే ఆడిస్తాయని ఇంకో వర్గం. ముక్కలుగా కాదు, మొత్తంగా చూడమని మరొకటి. ఇంట్లో చెబితే భార్య, "తడి తువ్వాలు మంచం మీద వెయ్యని వర్గం ఉంటే అందులో చేరు," అనేది.

పదకొండింటికి పరీక్ష మొదలైంది. చెక్కగోడల చిక్కుదారిలో తెల్ల ఎలుకను వదిలింది పరీక్ష రాస్తున్న అమ్మాయి, మేడమ్ శిష్యురాలు. రోజూ అర నిమిషంలో మేత చేరే ఎలుక ఇవాళ మొదటి మలుపులోనే కూర్చుని తీరిగ్గా మూతి కడుక్కుంటోంది. రెండోసారీ అంతే.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఆమె నోటు పుస్తకం మూసేశాడు.

"పది రోజుల్లో నేర్చుకుందని రాశావు. కూర్చుని అల్లిన అంకెలేగా ఇవి?"

"లేదు సార్, నిజంగానే పరిగెత్తింది," అంది అమ్మాయి.

మేడమ్ తల దించుకుంది. తాత గుమ్మంలోంచి వరండాలోకి, వరండాలోంచి గుమ్మంలోకి తిరిగాడు. ఎలుక ఎందుకు కదలడం లేదో ఆయనకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. నిజం చెబితే మేడమ్ ఇన్నేళ్ళ రాతలూ తప్పని తేలతాయి. కానీ ఆ పిల్ల అబద్ధం రాయలేదు.

ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తా ఏదో అంటున్నా వినకుండా, గుత్తి పట్టుకొచ్చాడు. మేత ఉన్న చివర నిలబడి ఒక్కసారి ఆడించాడు.

ఎలుక చెవులు నిక్కాయి. ఒక్క మలుపూ తప్పకుండా వచ్చి ఆయన ముందు ఆగింది.

"రోజూ మేత పెట్టడానికి ఇక్కడే నిలబడతానమ్మా," అన్నాడు మేడమ్‌తో. "ఇది దారి నేర్వలేదు. నా చప్పుడు నేర్చింది. ముందు ఎలుకలూ అంతే."

"ముప్పై ఏళ్ళుగా తెలిసీ చెప్పలేదా?"

"ఎలుకనైతే రోజూ పరీక్షించారు. నన్నెవరూ ఏమీ అడగలేదమ్మా."

పరీక్షాధికారి వంగి ఎలుకను చూశాడు. తర్వాత నోటు పుస్తకం తెరిచి సంతకం పెట్టాడు. "అంకెలు నిజమే. కారణమే తప్పు. అది రాయి," అన్నాడు అమ్మాయితో.

మేడమ్ అల్మరాలోంచి పాత దస్త్రాలు దించుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం తాత సెలవు తీసుకుంటుంటే తలెత్తి, "మొత్తంగా చూడమని నేనే చెప్పేదాన్ని," అంది. తాత చేతిలోని గుత్తిని మేకుకు తగిలించి మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్ళేలోపు చెయ్యి రెండుసార్లు నడుందాకా పోయి వచ్చింది.

మేడమ్ కూడా వెళ్ళిపోయాక, పైన ఖాళీ గదిలో ఫ్యాను ఇంకా తిరుగుతోంది. ఆ గాలికి మేకు మీద తాళాలు సన్నగా మోగినప్పుడల్లా ఎలుక గూటి అంచుకొచ్చి నిలబడుతోంది. తాళాలు మళ్ళీ మళ్ళీ కదులుతున్నాయి.